నక్క సంచి, చారలమ్మ పిర్రాకు

అడవంటే పులులూ సింహాలే అనుకునేవాళ్ళు మోదుగవాగు వైపు ఎప్పుడూ వెళ్ళి ఉండరు. అక్కడ రాజ్యం తల్లులది. వాగు ఒడ్డున పెద్ద మోదుగ చెట్టు, దాని కింద పొద్దున్నే మొదలయ్యే గోల. ఒకరు ఆకులు కోస్తారు, ఒకరు పుల్లలు చీలుస్తారు, ఒకరు చేలగట్ల మీద ముళ్ళకంపలకి తగులుకున్న పత్తి ఏరుకొస్తారు, మిగతావాళ్ళు కుడతారు. చేతులకన్నా నోళ్ళే ఎక్కువ పనిచేస్తాయి. పక్కనే పాతికమంది పిల్లలు ఒకరి మీద ఒకరు పడి దొర్లుతుంటారు.

ఇంతకీ అక్కడ కుట్టేదేమిటంటే, పిర్రాకులు.

మనుషులు భోజనానికి విస్తరాకు కుట్టుకుంటారే, అదే పద్ధతి. కింద రెండు మోదుగాకులు, మధ్యలో పొడిగడ్డి, పైన పత్తి, చుట్టూ పుల్లలతో కుట్టు. తినడానికి విస్తరాకు, తడపడానికి పిర్రాకు. పసిపిల్ల కింద వేస్తే పక్క తడవదు, పిల్ల ఏడవదు, తల్లికి ఓ కునుకు దక్కుతుంది. పనైపోయాక చెమ్మ గుంతలో పారేస్తే మూణ్ణాలుగు రోజులకి వాడిపోయి, మెల్లగా మట్టిలో కలిసిపోతుంది. వానలు పడితే ఆ గుంతలో పుట్టగొడుగులు లేస్తాయి. అవి కూరకి పనికొస్తాయి.

ఈ ఉపాయం చారలమ్మది. చారలమ్మ ఉడుత. పిడికెడు ఒళ్ళు, గంపెడు నోరు. నిరుడు గింజల కోసం పిల్లల్ని తొర్రలో వదిలి వెళ్ళింది. తిరిగొచ్చేసరికి నలుగురిలో ఒకడు లేడు. తొర్ర ముందు పాము పాకిన జాడ ఉంది. ఆ రోజు ఆవిడ ఏడ్చిన ఏడుపు వాగంతా వినబడింది. ఇక పిల్లల్ని వదిలి ఎక్కడికీ పోనని ఒట్టు పెట్టుకుంది. పోకపోతే తిండెలా? అందుకే ఈ చెట్టు కింద పని. పిర్రాకు కావలసినవాళ్ళు గింజలో, దుంపలో తెచ్చి ఇస్తారు, పిల్లలు కళ్ళముందే ఆడుకుంటారు. ఈ చోటు పోయిందా, ఆవిడకి మళ్ళీ ఆ తొర్రే, మళ్ళీ ఆ భయమే.

సరిగ్గా ఆ చోటు మీదే నక్క భూషణం కన్ను పడింది.

భూషణానికి ఓ రోజు రోడ్డు పక్కన, లారీ మీంచి జారిపడిన ప్లాస్టిక్ సంచుల మూట దొరికింది. ఎర్రవి, నీలంవి, పసుప్పచ్చవి, తళతళలాడిపోతున్నాయి. ఒక్కో సంచికీ కాళ్ళు పట్టేలా రెండు కన్నాలు పొడిచి, తళుకు చెడ్డీ అని పేరుపెట్టి, ఆ మోదుగ చెట్టు కిందే జరిగే సోమవారం సంతలో పిర్రాకుల పక్కనే కొట్టు తెరిచాడు.

“రండి తల్లీ రండి! ఆకులూ గడ్డీ ఏ కాలం నాటివమ్మా? ఇది పట్నం సరుకు! తడి బయటికి రాదు, వాసన బయటికి రాదు!”

“పిల్లయినా బయటికి వస్తుందా అన్నయ్యా?” అంది చారలమ్మ పుల్ల కొరుకుతూ.

అందరూ పడీపడీ నవ్వారు. నవ్వారు గానీ, కళ్ళు మాత్రం ఆ రంగుల మీదే ఉన్నాయి. ముందుగా అడవిపంది ఓ ఎర్రది తీసుకుంది. పందికి ఎరుపు దొరికితే తనకి నీలమైనా దొరకాలని దుప్పి తీసుకుంది. సాయంత్రమయ్యేసరికి సంత సంతంతా కరకర మోగిపోయింది.

అప్పుడు భూషణం, చేతిలో తేనెపట్టుతో, సంతకి పెద్దయిన ఎలుగు దగ్గరికి వెళ్ళాడు.

“పెద్దయ్యా, ఒకే చెట్టు కింద రెండు కొట్లేం బావుంటాయి? తల్లులు ఎవరి సరుకు మెచ్చితే చోటు వాళ్ళకి ఇప్పించండి.”

ఎలుగు పెద్దయ్య చెడ్డవాడు కాదు. కాకపోతే తేనె కనబడితే ఆయన చెవులు సగమే పనిచేస్తాయి. “సరే, వచ్చే సోమవారం తేలుస్తా” అని పట్టు నాకడం మొదలెట్టాడు.

ఆ మాట చారలమ్మ చెవిన పడింది. మంగళవారం పిర్రాకులకి ఇద్దరొచ్చారు. బుధవారం ఎవరూ రాలేదు. ఆవిడ జతగత్తె, కుందేలు దూదమ్మ, కుట్టిన ఆకులే మళ్ళీ విప్పి కుడుతూ కూర్చుంది.

“వదినా, నేను తొర్రకి పోలేనే” అంది చారలమ్మ. “ఈ మూడు మొహాలూ వదిలి నేను గింజలేరలేను. ఏం చెయ్యాలో చెప్పు.”

“ముందు దుప్పి వదిన ఎందుకు మొహం చాటేస్తోందో కనుక్కుందాం పద” అంది దూదమ్మ.

దుప్పి పొద చాటున దొరికింది. అడగ్గానే భోరుమంది. “ఏం చెప్పనమ్మా! నా బిడ్డ కదిలితే కరకర, పడుకుంటే కరకర. చిరుతపులికి మా ఇంటి అడ్రసు చెప్పినట్టే ఉంది. మొన్న మూడు మైళ్ళు పరిగెత్తాం!”

ముళ్ళపంది ఇంట్లో ఇంకో కథ. పిల్లకి తొడగ్గానే చెడ్డీ టప్పున పేలింది. తండ్రి పిడుగు పడిందనుకుని కలుగులో దూరి ఇంతవరకూ బయటికి రాలేదు. అడవిపంది పిల్లల పిర్రలు ఎర్రగా వాచిపోయి ఉన్నాయి. అంత మురిసిపోయి కొన్నాక బాగాలేదంటే పరువు పోతుందని తల్లులందరూ నోరు మూసుకున్నారు. విప్పేసిన సంచుల్ని చాటుగా వాగులోకి విసిరారు. వాగు పొదల నిండా అవే రెపరెపలాడుతున్నాయి.

“పెద్దయ్యకి చెప్పరేమే?” అంది చారలమ్మ.

“చెబితే భూషణం ఊరుకుంటాడా? తొడగడం రాక పాడుచేశారంటాడు” అంది అడవిపంది.

గురువారం పొద్దున భూషణం, ఎలుగు పెద్దయ్యని వెంటబెట్టుకుని చెట్టు కిందికొచ్చాడు. ఇంకా చోటు రాకముందే తోకతో కొలతలు వేస్తున్నాడు. ఇక్కడికి రెండు తోకలు, అక్కడికి మూడు తోకలు.

చారలమ్మకి ఒళ్ళు మండింది. “సోమవారం రానీ అన్నయ్యా. నీ సరుకు అంత గొప్పదని నీకేం నమ్మకం?”

“నమ్మకమా!” భూషణం ఛాతీ పొంగించాడు. “నా చెడ్డీ ఇంటికి పట్టుకెళ్ళి ఊరికే మూల పడేసిన తల్లిని చూపించు! పెద్దయ్య సాక్షి. వాడనిది ఒక్కటంటే ఒక్కటి తెచ్చినా, ఆ రోజే కొట్టు ఎత్తేస్తా. అమ్మిన సరుకంతా వెనక్కి తీసుకుని నా గుహలో పెట్టుకుంటా!”

చారలమ్మ నోట్లో పుల్ల అలాగే ఆగిపోయింది. ఒక కన్ను చిన్నదయింది.

“వాడనిది తెస్తే చాలా అన్నయ్యా?”

“చాలు!”

“తర్వాత మాట మార్చవుగా?”

“వాడనిది! వాడనిది! వాడనిది! మూడుసార్లు అన్నా, విన్నారుగా పెద్దయ్యా?”

“విన్నా, విన్నా” అన్నాడు ఎలుగు, వేళ్ళు నాకుతూ.

వాళ్ళటు వెళ్ళారో లేదో, చారలమ్మ దూదమ్మ చెవిలో ఏదో ఊదింది. అసలే పొడుగు చెవి. మాట లోపలికి చేరడానికి కాస్త సమయం పట్టింది. చేరాక దూదమ్మ వెల్లకిలా పడి, కడుపు పట్టుకుని, నాలుగు కాళ్ళూ గాల్లో కొట్టుకుంటూ నవ్వింది. ఆ నవ్వు ఒకరి నుంచి ఒకరికి అంటుకుని, మధ్యాహ్నానికల్లా అడవిలో ఉన్న తల్లులందరికీ పాకింది. విషయం తెలియని పిల్లలు కూడా ఊరికే నవ్వారు.

సోమవారం వచ్చింది. తల్లులు సంతకి ఊరేగింపుగా వచ్చారు. దుప్పి కొమ్మకి గుచ్చి తెచ్చింది, ముళ్ళపంది వీపు నిండా గుచ్చుకుని తెచ్చింది, అడవిపంది ముట్టెతో దొర్లించుకొచ్చింది. అన్నీ తళుకు చెడ్డీలే. మరకలు పడ్డవి, పేలినవి, బురద పట్టినవి. భూషణం కొట్టు ముందు గుట్టగా పోశారు. సంతంతా ముక్కు మూసుకుంది.

“ఛీ ఛీ! ఇదేం పని!” అని ఎగిరాడు భూషణం.

“వాడనివి తెచ్చాం అన్నయ్యా. కొట్టు ఎత్తెయ్” అంది చారలమ్మ.

“వాడనివా! ఇవన్నీ వాడినవే! కావాలంటే వాసన చూడండి పెద్దయ్యా!”

ఎలుగు పెద్దయ్య ఒకడుగు వెనక్కి వేశాడు.

“మేం వాడాం, కాదనట్లేదు” అంది చారలమ్మ. “అవి వాడాయా?”

ఆవిడ ఎలుగు ముందు ఓ పిర్రాకూ ఓ సంచీ పెట్టింది. “రెండూ గురువారం ఒకే గుంతలో వేశాం పెద్దయ్యా. పిర్రాకు చూడండి, నల్లగా వాడిపోయి ముట్టుకుంటే చిరిగిపోతోంది. సంచి చూడండి, అంచు కూడా వాడలేదు. పదేళ్ళు పడున్నా వాడేలా లేదు. వాడనిది ఒక్కటి తెస్తే చాలన్నాడు. మేం వాగంతా ఊడ్చి తెచ్చాం.”

“నేనన్న వాడడం అది కాదు!” భూషణం గింజుకున్నాడు.

“మూడుసార్లు అన్నావు. ఏ వాడడమో ఒక్కసారైనా చెప్పావా?”

అడవిపంది ఇక ఆగలేకపోయింది. తన చిన్నదాన్ని ఎత్తి, వాచిన పిర్రలు సంతంతటికీ తిప్పి చూపించింది. “వాడి సంచి వాడలేదు పెద్దయ్యా! మా పిల్లలు వాడిపోయారు!”

అంతే. పిల్లలకి ఆట దొరికింది. ‘వాడి సంచి వాడలేదు, వాడి సంచి వాడలేదు’ అంటూ గుట్ట చుట్టూ గెంతడం మొదలెట్టారు. ఎలుగు పెద్దయ్య మొదట గంభీరంగా దగ్గాడు. తర్వాత పొట్ట కదిలింది. తర్వాత నేల కదిలింది. ఆయన నవ్వితే అలాగే ఉంటుంది.

“భూషణం, నీ తేనె తిన్న మాట నిజమే” అన్నాడు కళ్ళు తుడుచుకుంటూ. “కానీ నీ మాట కూడా విన్నాను కదా. కొట్టు ఎత్తు, సరుకు మొయ్యి. ఈ చోటు తల్లులది. ఇక దీని గురించి నా దగ్గరికి ఎవరొచ్చినా, ముందు ఆ పసిదాని పిర్రలు చూసి రమ్మంటాను.”

చారలమ్మ తన ముగ్గురు పిల్లల్నీ ఒకేసారి వాటేసుకుని, అక్కడే కూలబడి, నవ్వుతూనే ఏడ్చేసింది.

భూషణం ఆ రోజంతా సంచులు మోశాడు. గుహ నిండిపోయింది. మర్నాడు పొద్దున ఆయన పెళ్ళాం సింగారమ్మ, అయిదుగురు పసిపిల్లల్ని నోట కరుచుకుని ఒక్కొక్కరినే మోసుకుంటూ మోదుగ చెట్టు కిందికి వచ్చింది.

“ఇంట్లో కాలు పెట్టే చోటు లేదమ్మా. నాకూ కాస్త పని నేర్పండి” అంది తలొంచుకుని.

తల్లులు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. దూదమ్మ రెండడుగులు అవతలికి జరిగింది. నక్క కదా. చారలమ్మ మాత్రం పుల్లలకట్ట ఆవిడ ముందుకి నెట్టింది.

“పసిబిడ్డల తల్లివి, కూర్చో వదినా. అంచు గట్టిగా లాగి కుట్టాలి, అదొక్కటే కిటుకు.”

మధ్యాహ్నం భూషణం, అన్నమేదని అడుగుతూ వచ్చాడు. సింగారమ్మ తలెత్తకుండా చిన్నాడిని ఆయన ఒళ్ళో పడేసింది. “వీణ్ణి పట్టుకోండి. ఈ నాలుగూ కుట్టేసి వస్తా.”

“కింద ఏమీ వెయ్యకుండా ఇచ్చావేంటే...” అని అంటుండగానే ఒళ్ళు వెచ్చబడింది. తర్వాత చల్లబడింది. తర్వాత కారింది.

“చెల్లెమ్మా! చారలమ్మ చెల్లెమ్మా! ఓ పిర్రాకు పడెయ్!”

“ఉండన్నయ్యా, నీకన్నా ముందు ఏడుగురున్నారు” అంది చారలమ్మ తీరిగ్గా పుల్ల కొరుకుతూ.

అందుకని, తల్లులకి సరుకు అమ్మబోయేవాడు ముందు పసిబిడ్డని ఒళ్ళో కూర్చోబెట్టుకుని చూసుకోవాలి.