దించనిచేయి బరి

ఎర్రగుట్టల నడుమ గిన్నెలా పల్లంగా ఉన్న ఈ బరిలో ప్రతి మాఘమాసంలో మెకాలనే పెంపుడు మృగాల పోరు చివరి పందెం జరుగుతుంది. ఏడు సీమల కాపరులు తాము సాకిన మెకాలను తోలుకొని వస్తారు. నెగ్గినవారికి ఆ ఏటి వీరకంకణం దక్కుతుంది. బరికి తూర్పున ఉన్న చిన్న గుడిలో, మోకాళ్ల మీద కూర్చొని కుడిచెయ్యి పైకెత్తిన మనిషి రాతిరూపం ఉంది. ఇతడిని దేవుడని మొక్కకూడదు. ఇతడి తప్పు తెలుసుకొని పోవాలి.

పూర్వం ఇక్కడ కాటమయ్య అనే కాపరి ఉండేవాడు. గుడ్డు పొదిగించి అతడు సాకిన నిప్పుతొండ పేరు కెంపి. ఎద్దంత మెకం. దాని తోక చివర ఎర్రని మంట వెలుగుతుండేది. ప్రాణం సన్నగిల్లితే ఆ మంట నీలమవుతుంది. కాపరి చెయ్యి ఎత్తి ఉన్నంతసేపు మెకం పోరాడాలి, దించితే పోరు మాని పడుకోవాలి. ఇది అన్ని మెకాలకూ నేర్పే పాఠమే. కాటమయ్య ఇంకొకటి నేర్పాడు. దెబ్బ తగిలినా దెబ్బవైపు చూడకుండా తన చేతివైపే చూడాలి. అందరూ దాన్ని గొప్ప శిక్షణ అన్నారు.

ఆ ఏడు చివరి పందెంలో పీరన్న అనే కాపరి తెచ్చిన కొమ్ముతాబేలు కెంపిని ఎదిరించింది. మధ్యాహ్నానికి కెంపి డొక్క చీలింది.

"ఏం కాటమయ్యా, నీ తొండ రొప్పుతోంది! చెయ్యి దించి ఇంటికి పో, గంజి తాపుదువు గాని" అని పీరన్న ఎగతాళి చేశాడు. జనం నవ్వారు.

మెట్ల మీద నుంచి కాటమయ్య చెల్లెలు సిద్ధమ్మ లేచి అరిచింది. "అన్నా, తోక చూడు! నీలం తిరిగింది. దించన్నా, నీకు దండం పెడతా!"

"ఒక్క పట్టు, సిద్ధీ. ఒక్క పట్టే" అన్నాడు కాటమయ్య.

ఆ పట్టుకు తాబేలు వెల్లకిలా పడింది. కెంపి నడిచి వచ్చి తన కాపరి ముందు నిలబడింది. జనం జేజేలు కొడుతుంటే కాటమయ్య చెయ్యి ఇంకా పైకెత్తి ఊపాడు. చెయ్యి దిగలేదు గనుక కెంపి పడుకోలేదు. ఆ చేతివైపు చూస్తూ, నిలబడి ఉండగానే ప్రాణం విడిచింది.

ఆ తరువాత ఆ చెయ్యి దిగలేదు. వైద్యులు లాగినా దిగలేదు. కాటమయ్య కంకణం తిరిగి ఇచ్చేసి, కెంపిని పూడ్చిన చోట అన్నం మాని కూర్చున్నాడు. కెంపి కలలోకి వచ్చింది. కోపంగా లేదు. చేతివైపే చూస్తూ నిలబడింది. కలలో కూడా అతడు దించలేకపోయాడు.

"నాలాంటివాళ్ల చేతులు కట్టెయ్యండమ్మా" అని చెల్లెలితో చెప్పి, అక్కడే శిలయ్యాడని పెద్దలు చెబుతారు. గెలవాలనుకోవడం పాపం కాదు. మనల్ని నమ్మిన నోరులేని ప్రాణి నొప్పిని మన గెలుపు కింద దాచడం పాపం.

నేటికీ చివరి పందేనికి ముందు ఇద్దరు కాపరుల కుడిచేతులను నూలుగుడ్డతో నడుముకు కట్టేస్తారు. సిద్ధమ్మ వంశపు ఆడపడుచులే ఆ ముడి వేస్తారు. చేతి సైగ లేని ఆ పోరులో అలసిన మెకం తనంతట తానే పడుకుంటుంది. పడుకున్నదాన్ని చూసి నవ్వినవారిని బయటికి పంపుతారు. పందెం ముగిశాక ఆ గుడ్డలోంచి చింపిన పీలికను తమ మెకం మెడకు కట్టిన ఏ సీమ కాపరులకైనా, దాని నొప్పి తమ ఒంట్లో తెలుస్తుందని నమ్మకం. ఈ స్థలం ఇచ్చే వరం ఇదొక్కటే. కోరేవారు ఏటా నలుగురైదుగురికి మించరు.