తిప్పేస్వామి ఉంగరపు వేలు

చేతుల్లో ఎంత బలముందో మనసులో అంత ఆత్రమున్న తిప్పేస్వామి అనే వేరుశనగ రైతు గుండ్లవంక ఊళ్ళో, కిందవీధిలో ఉండేవాడు. విత్తనం వేసిన మర్నాటి నుంచే మట్టి గీకి మొలక వచ్చిందా లేదా అని చూసేవాడు. పొయ్యి మీద సంగటి ఉడుకుతుంటే మాటిమాటికీ మూత తీసి, భార్య మారెక్క చేత చీవాట్లు తినేవాడు. మనిషి మంచివాడే. కాకపోతే దేన్నీ దాని మానాన దాన్ని ఉండనిచ్చేవాడు కాదు.

ఆ ఊళ్ళో ఏటా గోకులాష్టమికి ఉట్ల పరుష అనే ఉట్టి కొట్టే జాతర జరిగేది. నున్నగా చెక్కిన పొడవాటి మానును నిలబెట్టి, దానికి బంకమట్టీ కలబంద గుజ్జూ దట్టంగా పూసేవారు. పైన ఉట్టిలో పసుపునీళ్ళ కుండ కట్టేవారు. మనిషి పైకి పాకుతుంటే, కింద నుంచి జనం బిందెలకొద్దీ నీళ్ళు అతని మీద చల్లేవారు. ఇంత అవస్థా పడి కుండ కొట్టినవాడికి బహుమానం ఏమిటయ్యా అంటే, ఆ మానే. పండుగ అయ్యాక దాన్ని దించి, గెలిచినవాడి వీధిలో గోడ వారగా పడుకోబెట్టేవారు. మళ్ళీ పరుష దాకా ఆ వీధివాళ్ళందరికీ అదే అరుగు. సాయంత్రం పొలాల నుంచి రాగానే దాని మీద వరసగా కూర్చుని లోకంలోని సంగతులన్నీ మాట్లాడుకునేవారు.

ఎన్నో ఏళ్ళుగా ఆ మాను పైవీధి దాటి రాలేదు. కిందవీధివాళ్ళు కబుర్లు చెప్పుకోవాలంటే అక్కడికే పోవాలి. పోతే చివర ఇంత చోటిచ్చి, జారిపోతారేమో గట్టిగా పట్టుకోండి అని పైవీధివాళ్ళు నవ్వేవారు. కిందవీధిలో అందరికంటే పెద్దవాడు ఈరన్న తాత. మోకాళ్ళ నొప్పులతో అంత దూరం నడవలేక, ఆయన పోవడమే మానేశాడు. సాయంత్రాలు తన గడప మీద ఒక్కడే కూర్చుని, పైవీధి నుంచి వచ్చే నవ్వులు వింటుండేవాడు. చిన్నప్పుడు ఆయన ఒళ్ళో కూర్చుని కథలు విన్న తిప్పేస్వామికి ఆ దృశ్యం చూసినప్పుడల్లా ప్రాణం ఉసూరుమనేది.

కిందటి పరుషలో అతను కుండకు చేయెత్తు దూరం దాకా పోయి జారిపోయాడు. వేళ్ళలో పట్టు చాలలేదనుకున్నాడు. ఈసారి ఎట్లాగైనా మానును కిందవీధికి తేవాలని, పరుషకు నెలల ముందే వేళ్ళకు సాధన మొదలుపెట్టాడు. కుండల నిండా ఇసుక పోసి, మూతి అంచును వేలికొసలతో పట్టుకుని ఎత్తి, పొలం గట్టు పొడవునా నడిచేవాడు. గొడ్ల కొట్టంలో దూలం పట్టుకుని వేలాడేవాడు. ఎద్దులు మేత మానేసి అతన్నే చూసేవి. తడి బట్టలు పిండే పని కూడా తానే తీసుకున్నాడు. మారెక్క మొదట సంతోషించింది. మంచి చీర ఒకటి నిలువునా చిరిగాక ఆ పని మాన్పించింది.

చివరికి అతని కన్ను బావి మీద పడింది. నిండు చేదను అన్ని వేళ్ళతో తోడటం ఎవరైనా చేస్తారు. రెండు వేళ్ళతో తోడితే? తోడాడు. ఒక్క వేలితో తోడితే? అదీ అన్నిటికంటే బలహీనమైన ఉంగరపు వేలితో? పరుష దగ్గరపడిన ఒక ఉదయం అతను చేంతాడును ఆ ఒక్క వేలికి మెలివేసి లాగాడు. చేద సగం దూరం వచ్చింది. అంతలో వేలి లోపల ఎండుపుల్ల విరిగినట్టు టప్పుమని చప్పుడైంది. తాడు జారి, చేద నీళ్ళలో పడింది.

వేలు మొదలు దగ్గర ఉబ్బి, మడత పడక నిలబడిపోయింది. మారెక్క అతన్ని టౌను ఆసుపత్రికి తీసుకుపోయింది. అక్కడి డాక్టరమ్మ వేలిని అటూ ఇటూ నొక్కి చూసి, ఫోటో తీయించింది. వేలు మడవడానికి లోపల తాడు లాంటి స్నాయువు ఒకటుంటుందనీ, ఆ తాడు ఎముకను వదిలి పైకి లేవకుండా చిన్న చిన్న పట్టీలు దాన్ని అదిమి ఉంచుతాయనీ చెప్పింది. అతని వేలిలో అలాంటి పట్టీ ఒకటి కొంత చిరిగింది. తిప్పేస్వామి తన నొప్పి కూడా మరిచిపోయి, నోరు తెరుచుకుని విన్నాడు. వేలి లోపల తాళ్ళూ పట్టీలూ ఉంటాయని అతనికి అంతవరకూ తెలియదు.

డాక్టరమ్మ ఉంగరపు వేలిని మధ్యవేలితో జతచేసి కట్టు కట్టింది. కట్టేటప్పుడు ఒక మాట చెప్పింది.

"నొప్పి ముందు పోతుంది, బలం చాలా తర్వాత వస్తుంది. ఆ రెంటికీ నడుమ ఉన్న రోజుల్లోనే అందరూ మోసపోతారు. మీరు మాత్రం మోసపోకండి."

తిప్పేస్వామి బుద్ధిగా తలాడించాడు. కానీ అతని చెవికి ఎక్కింది మొదటి ముక్క ఒక్కటే, నొప్పి ముందు పోతుందని.

ఇంటికి వచ్చిన మర్నాటి నుంచే పొద్దున్నే కట్టు విప్పడం, వేలు మడిచి చూడటం, నొప్పి ఉందా తగ్గిందా అని గోడకు నొక్కి చూడటం మొదలైంది. ఒకరోజు మారెక్కకు ఒళ్ళు మండింది. "విత్తనాన్ని గీకినట్టే వేలిని గీకుతాండావు. అట్ల గీకితే మొలక వచ్చేదా?" అంది. అతను నవ్వి మళ్ళీ వేలు మడిచి చూసుకున్నాడు. పరుషనాటికి వాపు తీసింది. నొప్పి లేదు. ఇంకేం, మానిపోయిందనుకున్నాడు. మారెక్క వద్దని మొత్తుకుంటున్నా వినకుండా కట్టు విప్పి పారేసి మానెక్కాడు.

సగం దాకా బాగానే పోయాడు. కాలు జారిన చోట బరువంతా వేళ్ళ మీద పడింది. అరచేతిలో నిప్పు పెట్టినట్టయి చేయి వదిలేశాడు. మట్టితో పాటు తానూ కిందికి జారి, నీళ్ళ గుంటలో కూలబడ్డాడు. తర్వాత ఎక్కిన పైవీధి హనుమంతరాయుడు కుండ కొట్టాడు. మాను మళ్ళీ పైవీధికే పోయింది.

ఈసారి వేలు మునుపటికంటే అన్యాయమైంది. డాక్టరమ్మ తిట్టలేదు. కానీ విప్పడానికి వీల్లేకుండా వేలికి గట్టి పట్టీ వేసేసింది. తిప్పేస్వామి సంగటి ముద్ద చేసుకోలేక చంచాతో తిన్నాడు. ఊళ్ళో చంచాతో సంగటి తినే మొదటి మగాడు వీడేనని పైవీధిలో చెప్పుకుని నవ్వారు. అతనికి ఆ నవ్వు కంటే ఈరన్న తాత ఎదురుపడటమే కష్టంగా ఉంది. ఒక సాయంత్రం తాతే కేకేసి పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

"నా కోసమని ఎక్కినావంట కదరా," అన్నాడు తాత. "మాను లేకపోతే నేలన్నా ఉంది కూర్చునేకి. వేలు లేకపోతే సేద్యం ఎట్ల చేస్తావు?"

తిప్పేస్వామికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కట్టు కట్టిన వేలినే చూస్తూ కూర్చున్నాడు.

చూడగా చూడగా అతనికి ఆ వేలి మీద ఆసక్తి పుట్టింది. విప్పి చూడటానికి వీల్లేదు కనుక, ఊరికే గమనించడం మొదలుపెట్టాడు. ఈ వేలు లేక తనకు ఏయే పనులు ఆగిపోయాయి? చొక్కా గుండీ పెట్టుకోవడం దగ్గర నుంచి ఎద్దు ముక్కుతాడు పట్టడం దాకా అన్నిటిలోనూ దానికి వాటా ఉంది. భజనలో తాళం కూడా సరిగా పడటం లేదు. ఇన్నేళ్ళూ ఇది ఇంత పని చేసిందా అనుకున్నాడు.

ఒకరోజు ఏమీ తోచక, బాగున్న ఎడమ చేతిని నేల మీద పరిచాడు. మధ్యవేలిని అరచేతి కిందికి మడిచి, మిగతా వేళ్ళను ఒక్కొక్కటిగా పైకి లేపాడు. బొటనవేలు లేచింది. చూపుడువేలు లేచింది. చిటికెనవేలూ లేచింది. ఉంగరపు వేలు మాత్రం నేలకు అంటుకుపోయినట్టు కదల్లేదు. అతను మారెక్కను పిలిచి చేయించాడు. ఆమె వేలూ లేవలేదు. ఈరన్న తాతది లేవలేదు. ఆ వింత పైవీధికి కూడా పాకింది. ఆ సాయంత్రం పైవీధివాళ్ళంతా మాను ముందు నేల మీద బోర్లా చేతులు పరిచి, ముక్కుతూ మూలుగుతూ వేలు లేపాలని చూశారు. హనుమంతరాయుడి వల్ల కూడా కాలేదు.

తర్వాతిసారి ఆసుపత్రికి పోయినప్పుడు అతను డాక్టరమ్మను అడిగిన మొదటి ప్రశ్న, ఆ వేలు ఎందుకు లేవదని. నొప్పి సంగతి ఆమే గుర్తుచేయాల్సి వచ్చింది. పక్కపక్క వేళ్ళ తాళ్ళు లోపల ఒకదానితో ఒకటి కలిసి ఉంటాయనీ, ఉంగరపు వేలు పక్కవాటి తోడు లేకుండా పని చేయడం కష్టమనీ ఆమె చెప్పింది. తిప్పేస్వామి దారి పొడవునా అదే ఆలోచిస్తూ వచ్చాడు. ఎన్నడూ ఒంటరిగా పని చేయని వేలికి తాను నిండు చేద తగిలించాడు. తెగక ఏమవుతుంది?

పట్టీ తీశాక డాక్టరమ్మ చెప్పినట్టే నడుచుకున్నాడు. మొదట గోరువెచ్చని నీళ్ళలో వేళ్ళన్నీ కలిపి మెల్లగా మడవడం. కొన్నాళ్ళకు మెత్తటి సంగటి ముద్దను పిసకడం. పిసికిన ముద్ద గేదెకు పోయేది. గేదెకు ఆ ఏర్పాటు బాగా నచ్చింది. వేసవి వచ్చేసరికి విత్తనపు కాయలు ఒలవడం మొదలైంది. మునుపు అతను కాయ నొక్కితే లోపలి పప్పు కూడా చితికిపోయేది. అందుకే మారెక్క అతన్ని ఆ పనికి దగ్గరకు రానిచ్చేది కాదు. ఇప్పుడు అతను ఒక్కో కాయనూ వేళ్ళ మధ్య పెట్టుకుని, ఎంత తక్కువగా నొక్కితే పగులుతుందో చూసేవాడు. వేలు ఏ మాత్రం చురుక్కుమన్నా ఆపేసి, చెట్టు నీడలో కూర్చునేవాడు. అది సర్దుకున్నాకే మళ్ళీ కాయ పట్టేవాడు. ఎంత బలం పెట్టగలనా అని చూసిన మనిషి, ఎంత తక్కువ సరిపోతుందా అని చూడసాగాడు. ఆ ఏడాది వాళ్ళ విత్తనాల్లో చితికిన పప్పు దాదాపు లేదు. మారెక్క పైకి ఏమీ అనలేదు గానీ, పక్కింటావిడకు రెండుసార్లు చెప్పింది.

అతని గమనింపు వేలితో ఆగలేదు. కొట్టంలో కప్పును మోసే నిట్రాట స్తంభాన్ని తొడలతో గట్టిగా కరచుకుంటే, వేళ్ళు పూర్తిగా వదిలేసినా మనిషి కాసేపు జారకుండా ఉండగలడని కనిపెట్టాడు. ఎద్దులు ఈసారి అతని వైపు చూడను కూడా చూడలేదు.

మళ్ళీ పరుష వచ్చింది. వేలు బాగా కుదుటపడిందనీ, ఎక్కవచ్చనీ, చురుక్కుమంటే మాత్రం దాని మాట వినమనీ డాక్టరమ్మ చెప్పి పంపింది. తిప్పేస్వామి మాను పట్టుకోగానే కిందవీధివాళ్ళు ఈలలు వేశారు. పైవీధివాళ్ళు బిందెలు ఎత్తారు. అతను తొందర లేకుండా, కాళ్ళతో పట్టు బిగించి, చేతులు జరుపుకుంటూ పైకి పాకాడు. పోగా పోగా మొదటిసారి జారిపోయిన చోటికి చేరాడు. కుండ చేయెత్తు దూరంలో ఉంది. సరిగ్గా అక్కడ ఉంగరపు వేలు చురుక్కుమంది.

కింద నుంచి అందరూ అందుకో అందుకో అని అరుస్తున్నారు. పాత తిప్పేస్వామి అయితే ఎగిరి అందుకునేవాడే. ఇతను ఆగిపోయాడు. తొడలతో మానును కరచుకుని, మోచేతులతో వాటేసుకుని, వేళ్ళు వదులు చేశాడు. కొంచెం జారాడు. మారెక్క కొంగు నోట్లో కుక్కుకుంది. అతను మళ్ళీ కాళ్ళు బిగించి నిలదొక్కుకున్నాడు. మాను మీద మనిషి ఆగడం ఆ ఊళ్ళో ఎవరూ చూడలేదు. అరుపులు సద్దుమణిగాయి.

"ఏం తిప్పేస్వామీ, నిద్రపోతాండావా?" అని హనుమంతరాయుడు కింద నుంచి అడిగాడు.

"లేదప్పా, పై నుంచి మన ఊరు ఎట్లుంటాదో చూస్తాండా," అన్నాడు తిప్పేస్వామి.

నిజంగానే చూస్తున్నాడు. పచ్చటి చేలు కనిపించాయి. కిందవీధి కనిపించింది. అందులో గోడ పట్టుకుని లేచి నిలబడిన ఈరన్న తాత కనిపించాడు. పైవీధివాళ్ళు ఊరుకుంటారా, ఇదే అదను అని అతని మీదికి బిందె మీద బిందె చిమ్మారు. ఆ నీళ్ళకు మాను మీది బంకమట్టి కరిగి, ధారలు కట్టి కిందికి పోవడం తిప్పేస్వామి చూశాడు. అరచేయి ఆనించి చూస్తే కింద జారని ఒట్టి చెక్క తగిలింది. ఆత్రంగా ఎక్కేవాడికి జారుడు మట్టి తగులుతుంది, ఆగినవాడికి కడిగిన మాను దొరుకుతుంది. ఇన్నేళ్ళుగా ఎవరూ ఆగలేదు కనుక ఎవరికీ తెలియలేదు. అతనికి నవ్వు వచ్చింది. ఈలోగా వేలు చల్లబడింది. వేళ్ళన్నీ కలిపి మానును పట్టుకుని, ఇంకొంచెం పైకి పాకి, ఎడమ పిడికిలితో కుండను కొట్టాడు. పసుపునీళ్ళు అతని నెత్తిన పడ్డాయి.

ఆ సాయంత్రం మాను కిందవీధికి వచ్చింది. దాని మీద మొట్టమొదట ఈరన్న తాతను కూర్చోబెట్టారు. ఆయన చేయి అందినంత మేరా మానును నిమిరి చూసుకున్నాడు. తర్వాత పైవీధివాళ్ళు ఒకరొకరుగా వచ్చి, కొంచెం మొహమాటంగా చివర్న నిలబడ్డారు. తాత వాళ్ళను పిలిచి నడుమ కూర్చోబెట్టాడు. హనుమంతరాయుడు తిప్పేస్వామి చేయి తీసుకుని, ఆ వేలిని తిప్పి తిప్పి చూశాడు.

"ఇప్పుడు ఒక్క వేలితో చేద తోడగలవా?" అని అడిగాడు.

అందరూ తిప్పేస్వామి వైపు చూశారు. మారెక్క మరీ తీక్షణంగా చూసింది. అతను వేలును ఒకసారి మడిచి, చాచాడు.

"తోడగలనేమో," అన్నాడు. "అదొక్కటి మాత్రం తెలుసుకోవాలని లేదు."

అందరికంటే ముందు మారెక్క నవ్వింది.

పిల్లలూ, నొప్పి పోయినంత మాత్రాన గాయం మానినట్టు కాదు. మానేదాకా ఓపిక పట్టినవాడికే పోయిన బలం తిరిగి వస్తుంది.