ఉప్పు చూసే మనిషి

అనగనగా ఒక రైలుగేటు, ఆ గేటు పక్కన ఒక వీధి, ఆ వీధిలో నూకాలు అని కూరలమ్ముకునే ఆవిడ. ఊఁ కొట్టవే! లేకపోతే గోడకి చెబుతున్నట్టుంటుంది నాకు.

సాయంత్రానికి నూకాలు గంపలో ఏవో మిగిలేవి. రెండు దొండకాయలు, ఒక క్యారెట్టు, సగం కాలీఫ్లవర్. నీలాంటివాళ్ళు వంకలు పెడుతుంటే మిగలవూ మరి! పారెయ్యడానికి ఆవిడకి మనసొప్పేది కాదు. ముక్కలు కోసి, తడి పోయేదాకా గుడ్డమీద ఆరబెట్టి, ఆవపిండీ కారమూ ఉప్పూ నూనే పట్టించి జాడీకెత్తేది. వంటిల్లు అద్దంలా ఉండేది. ఏ జాడీ చోటు దానిది, ఏ గరిటె మేకు దానిది.

మూడో రోజున ఊరగాయ తిరగకలిపి ఉప్పు చూడాలి. ఆ పని ఆవిడ మొగుడు సింహాద్రిది. ఒక ముక్క నోట్లో వేసుకుని, "చాలు" అనో, "ఇంకొంచెం వెయ్యి" అనో చెప్పేవాడు. అలాంటిది, ఒక వానాకాలం జ్వరమొచ్చి పోయాడు.

ఆ తర్వాత ఉప్పు చూసేవాళ్ళు లేరు. నూకాలు కలిపేది, మూత పెట్టేది, తనొక్కత్తికీ తినబుద్ధి కాక మజ్జిగన్నం తిని పడుకునేది. మూడేళ్ళు ఇదే వరస. ఎంత సర్దినా ఇల్లు బోసిగానే ఉండేది. ఒంటరితనం ఎంత చెడ్డదో నీకు తెలీదులే. తెలియక్కర్లేదు కూడా.

ఒకరోజు అలమరలో జాడీ పెట్టడానికి చోటే లేకపోయింది. అప్పుడు ఒక గిన్నెలో ఊరగాయ తీసుకుని బయల్దేరింది. ఎవరైనా ఉప్పు చూసి చెబితే చాలనుకుంది.

మొదటి ఇంటివాళ్ళు, "మాకు కారం పడదప్పా" అని తలుపేసుకున్నారు.

రెండో ఇంటావిడ మూతైనా తియ్యకుండా, "శానా బాగుందప్పా, అక్కడ పెట్టేసి ఎల్లు" అంది. నూకాలుకి ఒళ్ళు మండి గిన్నె తీసుకుని వచ్చేసింది.

మూడోది బంగారమ్మ ఇల్లు. ఆవిడదీ ఒంటి బతుకే, నోరు మాత్రం పెద్దది. ముక్క ఇలా వేసుకుని అలా ఉమ్మేసింది.

"ఏటిది, ఉప్పుకల్లు కలిపేసినావేటి? నీ ఇంట్లో రుచి సూసినోళ్ళు లేరేటి?"

నూకాలు బావురుమంది.

"ఉప్పెక్కువైందంటే ఏడుస్తారేటే?"

"అది కాదప్పా. నన్నెవరైనా తిట్టి మూడేళ్ళయింది."

బంగారమ్మ గిన్నెకి మూత పెట్టి నూకాలు చేతికిచ్చింది.

"ఎల్లు. ఇంకో నాలుగు ముక్కలు కోసి అందులో కలుపు. మూడోనాడు తే, సూస్తాను."

నూకాలు ఆ పూట మిగిలిన ముల్లంగి కోసి, ఆరబెట్టి, కలిపింది. మూడోనాడు పొద్దున్నే, బతుకులో మొదటిసారి తనే ఒక ముక్క రుచి చూసుకుంది. ఉప్పు సరిగ్గా కుదిరింది. అయినా గిన్నె పట్టుకుని వెళ్ళింది.

బంగారమ్మ ఒక ముక్క తింది. ఇంకో ముక్క తింది. మూడోది కూడా తినేసి, అప్పుడు మొహం చిట్లించింది.

"అబ్బే, ఇంకా కుదర్లేదే. మళ్ళీ మూడోనాడు రా."

"అలాగేనప్పా," అంది నూకాలు. "వస్తాను."

కథేమో కంచికి,
కునుకేమో కంటికి,
నువ్వేమో అంటుకో నా ఒంటికి.