ఇంటాయన చేసిన పీట

అనగనగా ఒక ఊళ్ళో, దాని పేరు అడక్కు, నాకు పొద్దున పెట్టిన కళ్ళజోడే ఎక్కడుందో గుర్తుండదు, ముత్యాలయ్య అని ఒక ఇంటాయన ఉండేవాడు. పై వాటాలో ఆయన. కింది వాటాకి అద్దె బోర్డు. భార్య పోయాక ఆ ఇంట్లో తలుపు చప్పుడైనా, దగ్గు చప్పుడైనా అన్నీ ఆయనవే.

అప్పుడు ఆ వాటాలోకి నూకరత్నం దిగింది. జాకెట్లు కుట్టుకునే పిల్ల. తనొక్కర్తి, తన కుట్టుమిషను. దిగిన రోజే పాలు పొంగించి, గ్లాసుతో పైకొచ్చి, పాలతోపాటు ఒక ఫిర్యాదు కూడా ఇచ్చింది. కుళాయి కారుతోందట.

"చూద్దాంలే అమ్మాయ్, ఆదివారం" అన్నాడు ముత్యాలయ్య. ఏది అడిగినా ఆయన దగ్గరున్న జవాబు అదొక్కటే.

ఆదివారం వచ్చింది. మేస్త్రీని పిలిస్తే పరువు తక్కువని తనే రెంచీ పట్టాడు. కుళాయి కారడం మానేసింది. నీళ్ళు రావడమూ మానేశాయి. రత్నం పక్కనే నిలబడి ఇటు తిప్పండి, అటు తిప్పండి అని సాధిస్తుంటే, సరయ్యేసరికి సాయంత్రమైంది.

ఆ తర్వాత తలుపు నేలకి రాసుకుంటోందంది. మళ్ళీ ఆదివారం. చిత్రిక పట్టీ పట్టీ ఎంత అరగదీశాడంటే, మూసిన తలుపు కిందనుంచి ఎదురింటి పిల్లి వచ్చిపోయేది. బాబాయ్ గారు పిల్లికి కూడా వాటా ఇచ్చారని రత్నం ఎద్దేవా చేసి, ఆ సందుకి గోనెపట్టా కొట్టించుకుంది.

ఆ తర్వాత వంటగట్టు ఎత్తయిందంది. మనిషి పొట్టయితే గట్టుదా తప్పని గొణుక్కుంటూనే, ఎక్కి నిలబడ్డానికి ఒక పీట చేసిచ్చాడు. ఏ దేవుడు కరుణించాడో, అది కుదిరింది.

కుదరడమే ఆయన కొంప ముంచింది. ఇక రత్నం పిలవడానికి ఏమీ లేదు.

ఒక ఆదివారం పోయింది. ఇంకోటి పోయింది. మూడో ఆదివారం ముత్యాలయ్య రెంచీ తుడుచుకుని మెట్ల మీద కూర్చున్నాడు. కింద మిషను టకటకలాడుతోంది. పాడు కుళాయి, ఒక్క చుక్కయినా కారదే.

మర్నాడు ఉతికిన చొక్కా వేసుకుని కిందికి దిగాడు. ఇంటాయనై ఉండి, అద్దెకున్న పిల్ల గుమ్మంలో చేతులు కట్టుకు నిలబడ్డాడు.

"అమ్మాయ్, నాదొక ఫిర్యాదు. పై వాటాలో అన్నం తినేటప్పుడు మాట వినబడట్లేదు."

రత్నం మిషను ఆపింది. ఆయన మొహం చూసింది.

"చూద్దాం లెండి బాబాయ్ గారూ, ఆదివారం" అంది.

ఆదివారం ఎంత దూరమో ముత్యాలయ్యకి అప్పుడు తెలిసొచ్చింది.

ఆదివారం రాగానే వంకాయ కూర వండి, రెండు కంచాలు పెట్టాడు. రెండోదాన్ని రెండుసార్లు కడిగాడు, వాడి ఏళ్ళయింది మరి. పన్నెండైంది. ఒంటిగంటైంది. ఆ కంచం తీసేద్దామని చెయ్యి చాపాడు.

అప్పుడు మెట్ల మీద అడుగులు. చంకలో పీటతో రత్నం.

"ఇది ఊగుతోంది బాబాయ్ గారూ. మీరు బాగుచేసేదాకా ఇక్కడే కూర్చుంటాను."

ముత్యాలయ్య పీటని నేల మీద పెట్టి చూశాడు. కొండలా నిలబడింది.

"అవునమ్మాయ్, బాగా ఊగుతోంది" అన్నాడు. "ఒక్క ఆదివారంతో తెమిలేలా లేదు."

రత్నం దాని మీదే కూర్చుంది. మొదటి ముద్దకే, కూరలో ఉప్పు తక్కువంది.

పీట చేరె పై ఇంటికి, కూర చేరె కంచానికి,
కథ చేరె కంచికి, కునుకు చేరె నీ కంటికి.