ఎదుటి ఇంటి తెడ్డు

మాణిక్యప్ప గురువుగారిది వింత అలవాటు. ఎవరు ఏ సందేహం పట్టుకొచ్చినా ముందు ఒక వెదురుబద్ద, ఒక కత్తి చేతికిచ్చి చీల్చమనేవారు. ఆయన పుట్లు అల్లి బతికిన మనిషి. కృష్ణలో చేపలు పట్టేవాళ్ళు ఎక్కి తిరిగే ఆ గుండ్రటి బుట్టపడవలకు బద్దలు ఎన్నున్నా చాలవు. బద్ద చీలేసరికి సందేహాల్లో సగం వాటంతటవే రాలిపోయేవని శిష్యులు చెప్పుకునేవారు. అలా రాలకుండా మిగిలిన సందేహాలన్నీ జోగులరేవు జమ్ములయ్యవే.

జమ్ములయ్య గాలం వెయ్యడంలో చెయ్యి తిరిగినవాడు. కానీ తన నీడను తానే రెండుసార్లు తిరిగి చూసుకునే రకం. అయిదేళ్ళ కిందట ఒకనాడు అతని వల తెగి కనిపించింది. తాబేలు కొరికి ఉంటుందన్నారు అందరూ. జమ్ములయ్య మాత్రం చేపల వేటలో తనకు పోటీ అయిన సవారన్నే కోశాడని మనసులో రాసిపెట్టుకున్నాడు. అనుమానం పెనుభూతమని పెద్దలు ఊరికే అన్నారా? ఆనాటినుంచి తన పుట్టిలో రెండో మనిషిని ఎక్కించుకున్న పాపాన పోలేదు.

అటువంటివాడు మృగశిర కార్తెకు ఒకరోజు ముందు వచ్చి, బద్ద చీలుస్తూ అడిగాడు: "అయ్యా, పగోని చేతుల తెడ్డు బెట్టి, వానికి వీపు జూపి ఎట్ల గూసునేది?"

అతని బాధకు కారణముంది. కార్తె మొదటిరోజున నల్లబండ మడుగులో ఎవరు పెద్ద కొర్రమీనును పడితే ఏడాదిపాటు ఆ మడుగు వాళ్ళది. జమ్ములయ్య తండ్రి పదకొండేళ్ళు వరసగా నిలుపుకున్న మడుగు అది. ఎక్కడో కొన్న చేపను తెచ్చి నేనే పట్టానని ఎవరూ బుకాయించకుండా రేవు పెద్దలు ఒక కట్టుబాటు పెట్టారు: గాలం వేసేవాడి పుట్టికి పోటీ ఇంటివాడే తెడ్డు వెయ్యాలి. సాక్షీ అతనే, సాయమూ అతనే. అయిదేళ్ళుగా పోటీకి దూరంగా ఉన్న జమ్ములయ్యకు ఈసారి పడ్డది సవారన్న. జమ్ములయ్య గెలవకపోతే మడుగు సవారన్న ఇంటికే పోతుంది.

గురువుగారు చీలిన బద్దను అటూ ఇటూ తిప్పి చూశారు. "పోయిరా. వచ్చినంక అడుగు" అన్నారు.

గురువుగారు కూడా సవారన్న వైపేనేమో అనుకుంటూ జమ్ములయ్య ఇంటికి వెళ్ళాడు.

మర్నాడు పొద్దున పుట్టి ఎక్కబోయే ముందు దాని అడుగంతా చేత్తో తడిమి చూశాడు. గాలపుతాడును బారబారకూ లాగి చూశాడు. ఎరకు తెచ్చిన కప్ప డబ్బాను ఒళ్ళోంచి దించలేదు. సవారన్న చప్పుడు కాకుండా తెడ్డు వేస్తుంటే, ఇంత మెత్తగా వేస్తున్నాడంటే లోపల ఏదో ఉందనుకున్నాడు. ఒకసారి తెడ్డు అంచుకు తగిలి టక్కుమంటే, చేపను బెదరగొట్టడానికే అనుకున్నాడు. పాపం సవారన్న ఎలా తెడ్డు వేసినా తప్పే.

నల్లబండ పక్కన తుంగలో కప్ప పడీ పడగానే నీళ్ళు గుభేలుమన్నాయి. తాడు అరచేతిని కోసుకుంటూ సాగింది. జమ్ములయ్య మోకాళ్ళమీద నిలబడి ఛాతీని అంచుకు ఆనించి లాగాడు. చేప ఒక్కసారి పైకి తేలింది. పాము తలలాంటి తల, మనిషి తొడంత ఒళ్ళు. అంత కొర్రమీనును తండ్రి కాలంలో కూడా ఎవరూ చూసి ఉండరు. జమ్ములయ్య సంతోషంతో తాడును మరో మూర లాగాడు. ఇంకా వంగాడు. అంచు నీళ్ళను తాకింది.

అప్పుడు వెనకనుంచి పుట్టి గట్టిగా ఊగింది. ఛాతీ కింద అంచు ఉన్నట్టుండి పైకి లేచింది. జమ్ములయ్య చటుక్కున వెనక్కి తిరిగాడు. సవారన్న తన చోట లేడు. అవతలి అంచుమీద వెల్లకిలా వాలి, కాళ్ళు బిగబట్టి, పుట్టిని తన వైపు తొక్కుతున్నాడు. అయిదేళ్ళుగా ఎదురుచూసింది కంటికి కనబడింది. ఆ ఒక్క క్షణంలో తాడు సడలింది. చేప బండ కిందికి దూరింది. తాడు పుటుక్కుమంది.

ఒడ్డు చేరగానే జమ్ములయ్య కేకలు వేశాడు. "నన్ను ముంచబోయిండు! నా చేపను పోగొట్టిండు!"

పెద్దలు సవారన్న వైపు చూశారు. అతను జమ్ములయ్యనే చూస్తూ, "నేనేం జెప్పినా నమ్మవు గదనే అన్నా" అని ఊరుకున్నాడు.

పుట్టిని కావాలని ఊపినవాడి తెడ్డును రేవులో విరగ్గొట్టడం అక్కడి కట్టుబాటు. ఆ తర్వాత ఆ మనిషి ఆ రేవులో పుట్టి ఎక్కకూడదు. అతని పొయ్యిమీద ఏం ఉడుకుతుందో ఎవరూ అడగరు. పెద్దలు కాసేపు గుసగుసలాడుకుని, "ఇదే మాట గురువు ముందర జెప్పి రా. వస్తనే తెడ్డు ఇరగ్గొడతం" అన్నారు.

జమ్ములయ్య పరుగులాంటి నడకతో వచ్చాడు. "నేను జెప్పలేదా అయ్యా! కండ్లార జూసిన" అంటూ జరిగిందంతా ఏకరువు పెట్టాడు. గురువుగారు యథాప్రకారం బద్ద, కత్తి అందించారు. అతను చీలుస్తూ కూర్చున్నాడు.

"ఇప్పుడు సవారన్న ఏడున్నడు?" అన్నారు గురువుగారు.

"రేవుల బండమీద గూసొని బీడీ తాగుతున్నడు. ఏమెరగనోని లెక్క."

"బీడీ ఏడిది?"

"ఏడిదేంది అయ్యా, అంగి జేబుల నుంచి తీసిండు."

"అగ్గిపెట్టె తడవలేదా?"

"ముందల తడిస్తే గద. వీపే తడిసింది. మెడ కాన్నుంచి నడుం దాంక ఒంటికి అతుక్కపోయి..."

కత్తి బద్ద మధ్యలో ఆగింది.

గురువుగారు అతని ఛాతీ వైపు చూశారు. "మరి నీ అంగి?"

జమ్ములయ్య తల వంచి చూసుకున్నాడు. అంత లోతు మడుగుమీద అంత కిందికి వంగినవాడి అంగి ముందువైపు ఎక్కడా తడి లేదు. నీళ్ళను తాకిన అంచు మళ్ళీ పైకి ఎందుకు లేచిందో, పుట్టి మునగకుండా అవతల ఎవరి వీపు నీళ్ళను తాకిందో అప్పుడు తెలిసింది. సిగ్గుతో అతని చెవులు వేడెక్కాయి. కత్తిని కింద పెట్టాడు.

"అయ్యా," అన్నాడు చివరికి, "చేప పాయె. మడుగు పాయె. నేనిప్పుడు ఏం జెయ్యాలె?"

గురువుగారు అతని చేతిలోంచి వంకరగా చీలిన బద్దను తీసుకుని పక్కన పెట్టారు. కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని ఆకాశం వైపు చూశారు.

"ఎండ ముదురుతున్నది. పెద్దలకు జూపాలె గద, వాని అంగి ఆరకముందే పో" అన్నారు.