ఇల్లు పోతే ఎన్ని గింజలు

గట్టుపురం రాజు జగ్గభూపతికి ఏడాదికో పిచ్చి పట్టేది. ఒక ఏడు పావురాలు. ఒక ఏడు పొడుపుకథలు. ఆ ఏడు ధర్మం పట్టింది.

"ఎక్కువమందికి ఏది సుఖమో అదే ధర్మం. ఇకనుంచి నా రాజ్యంలో అంతే," అన్నాడు ఒక పొద్దున.

బాగానే ఉంది. మరి ఎవరికి సుఖమో, ఎవరికి కష్టమో తేల్చేదెవరు? నేనున్నానంటూ నృసింహావధాని వచ్చాడు. మెళ్ళో మూడు పేటల రుద్రాక్షలు, నోటినిండా శ్లోకాలు. ఆయన ఒక పద్ధతి కనిపెట్టాడు. అష్టాచెమ్మా ఆడేవాళ్ళకి తెలుసు కదా, చింతగింజ ఒకవైపు అరగదీస్తే తెల్లగా వస్తుంది. సుఖపడే మనిషికి తెల్లవైపు, బాధపడే మనిషికి నల్లవైపు. మనిషికో గింజ. ఏవి ఎక్కువైతే తీర్పు అటు.

రాజుకి ఎంత నచ్చిందంటే, అవధానికి పదకొండు గదుల ఇల్లు ఇచ్చేశాడు. అవధాని భార్య పుట్టింటికెళ్ళి ఏడేళ్ళయింది. ఒక గదిలో ఆయన పడుకుంటే, పది గదుల్లో ఆయన తాటాకు పుస్తకాలు పడుకునేవి.

ఆ శ్రావణంలో గోదారి పొంగింది. ఏటా పొంగేదే. ఏటి నడుమ లంకవాళ్ళు మూటలతో ఊళ్ళోకొచ్చి బజారులో ఉన్న సుంకం ఇంటి వసారాలో తలదాచుకోవడం, నీళ్ళు తీశాక వెళ్ళిపోవడం మామూలే. ఈసారి నీళ్ళు తీశాయి గానీ లంకే లేదు, మొత్తం కోసుకుపోయింది. ముప్పై ఒక్కమంది నెల్లాళ్ళుగా వసారాలోనే ఉండిపోయారు. అందులో గంటమ్మకి కాన్పయి తొమ్మిది రోజులు.

బజారువాళ్ళకి నచ్చలేదు. పొయ్యి పొగ, ఆరేసిన గుడ్డలు, చంటిదాని ఏడుపు. అవధాని గింజల పళ్ళెం పట్టుకుని ఇంటింటికీ తిరిగాడు.

"వాళ్ళు లేకపోతే మీకు హాయిగా ఉంటుందా?"

ఉండదని ఎవరంటారు? మూడొందల తెల్లగింజలు పడ్డాయి. ముప్పై ఒక్క నల్లగింజలు.

"మహారాజా, తేలిపోయింది. ఇవాళే పడవెక్కించి ఏటవతల దింపించెయ్యండి," అన్నాడు సభలో.

ఏటవతల ఉన్నది తుమ్మపొదలు. పైన చూస్తే వాన. వసారావాళ్ళ తరపున వచ్చిన ముసలి కామయ్య, "బాలింత ఉందయ్యా," అన్నాడు.

"ఆవిణ్ణీ లెక్కేశాను. పిల్లనీ వేశాను," అన్నాడు అవధాని, తన మంచితనానికి తనే మురిసిపోతూ.

తీర్పు ఖాయం చెయ్యడానికి రాజు రాజముద్రకి చెయ్యి చాచాడు. అంతలో వెనకనుంచి గాలి ఆగిపోయింది. వింజామర వీచే నూకాలు చెయ్యి ఆపేసింది.

"ఏమే, గాలేదీ?"

"పళ్ళెం చూస్తా ఉండిపోయానండి ఏలినవారూ. చాలా మంచి లెక్క. పడవ ఖర్చు కూడా లేకుండా ఇందులోనే ఇంకా ఎక్కువ సుఖం తేలేట్టుంది."

ఎక్కువ సుఖం అనేసరికి రాజు ఇటు తిరిగాడు. "ఎలా?"

"అవధానిగారి ఇల్లు వీళ్ళకిచ్చేస్తే సరి. బజారు మూడొందలకీ వసారా ఖాళీ అవుద్ది, అవి తెల్లవే. వీళ్ళ ముప్పై ఒకటీ తెల్లబడతాయి. నల్లది ఒక్కటే మిగుల్తుంది, అవధానిగారిది."

సభంతా అవధాని వైపు చూసింది. ఆయన పీటమీంచి సగం లేచాడు.

"ఒక్కటా? ఇల్లు పోవడమంటే ఒక్క గింజా? వంటిల్లు పోతుంది, దేవుడి మూల పోతుంది. వానొస్తే ఎక్కడ నుంచోవాలి? ఎవరి గుమ్మంలో చెయ్యి చాపాలి? నీకేం తెలుసే ఆ బాధ. వంద గింజలెయ్యాలి దానికి."

"వంద చాలా అండి?" అడిగింది నూకాలు.

"తక్కువలో తక్కువ వంద. మహారాజా, రాసుకోండి."

రాయసగాడు రాసుకున్నాడు. నూకాలు వింజామర చంకలో పెట్టుకుంది.

"వీళ్ళకి పోయింది కూడా ఇల్లే కదండీ. మూడువేల నూరు నల్లగింజలు తెప్పించండి, మరి."

అవధాని మెళ్ళో రుద్రాక్షలు సర్దుకున్నాడు.

"వాళ్ళ సంగతి వేరు. వాళ్ళకి అలవాటైపోయింది."

"నెల్లాళ్ళకే అలవాటైపోయిందాండి? అయితే పై నెలకి మీకూ అలవాటైపోద్ది. అప్పుడా ఒక్క నల్లగింజా ఉండదు."

రాజుకి నవ్వాగలేదు. "అవధానీ, తేల్చు. ఇల్లు పోతే ఒకటా, వందా? ఒకటైతే నీ తాళంచెవి ఇలా ఇయ్యి. వందైతే వాళ్ళని కదిపే పని లేదు."

"వందే," అన్నాడు అవధాని, నేల చూస్తూ.

"అయితే నా ఊళ్ళో మూడువేల నూరు నల్లగింజలున్నట్టేగా. వాటినేం చెయ్యమంటావే?" అన్నాడు రాజు నూకాలుతో.

"గదులు ఎక్కువున్న ఇల్లు చూడాలండి," అంటూ నూకాలు సభాభవనం పైకప్పు వైపు, ఆ పక్క మేడ వైపు, ఆపైన అంతఃపురం వైపు నెమ్మదిగా చూసింది. వేళ్ళమీద ఏదో లెక్కపెట్టుకుంది.

రాజు నవ్వు ఆపేశాడు. "చాల్లే, అటు చూడకు. తూర్పు విడిది ఖాళీగానే ఉంది, అందరినీ ఇప్పుడే అక్కడికి తీసుకెళ్ళండి. బాలింతకి గాలి తగలని గది. ఎవరికైనా బాధా, అవధానీ?"

"ఎవరికీ లేదు మహారాజా. ఒక్క నల్లగింజ కూడా లేదు," అన్నాడు అవధాని, అందరికంటే ముందు.

ఈసారి సభ సభంతా నవ్వింది. కామయ్య కూడా నవ్వాడు. రాజు వేలి ఉంగరం తీసి నూకాలు చేతిలో పెట్టి, "ఇంకేం కావాలో కోరుకో," అన్నాడు.

"ఒక పీట ఇప్పించండి. ఇరవయ్యేళ్ళనుంచీ నిలబడే వీస్తన్నాను."

రాజు పొట్ట పట్టుకుని నవ్వుతూ అవధానిని లేపి, ఆయన కూర్చున్న పీటే ఇప్పించాడు.