డ్రిల్లు ముందు దీక్షమాల

ఆశ్రమానికి డ్రిల్లు మిషను వచ్చిన దగ్గర్నుంచి ఏకాంబరానికి కాలు ఒకచోట నిలవడం లేదు. వంటశాల తలుపుకు గడియ లేక కోతులు రోజూ అన్నం గిన్నెలో చేతులు పెట్టేస్తున్నాయి. "ఇవాళే గడియ బిగించేస్తాను స్వామీ!" అని గురువుగారైన వీరభద్రస్వామికి మాటిచ్చేశాడు.

మిషనుతో వచ్చిన పుస్తకాన్ని పారాయణం చేసినట్టు చదివాడు. ప్లగ్గు తీసి ఉంచి, బెజ్జం వేసే మొనను, అదే బిట్టును, బిగించాడు. కళ్లద్దాలు పెట్టుకున్నాడు, పైపంచె తీసి పక్కన పడేశాడు. ప్లగ్గు పెట్టి, ముందుగా ఒక పాత చెక్క మీద బెజ్జం వేసి చూశాడు. జుయ్యిమంటూ పొట్టు రాలింది.

"అబ్బ! వెన్నలో దిగినట్టు దిగింది!" అని గంతేశాడు.

ఆ ఊపులోనే తలుపు మీదికి వంగాడు. మెడలోని రుద్రాక్షమాల ముందుకు జారి బిట్టు దగ్గర ఊగింది.

స్వామి గబగబా వచ్చి ప్లగ్గు లాగేశారు.

"మెడలో ఏవీ వేలాడకూడదని పుస్తకంలో లేదా నాయనా?"

"ఉంది స్వామీ. కానీ అది గొలుసుల సంగతి. ఇది మీరు వేసిన దీక్షమాల! చచ్చేదాకా తీయనని మీ పాదాల మీద ఒట్టేశాను." చెబుతుంటే ఏకాంబరానికి గర్వంతో గొంతు హెచ్చింది.

స్వామి లోపలికి వెళ్లారు. తమ దీక్షనాటి కాషాయవస్త్రం తెచ్చారు. ఏళ్ల తరబడి పెట్టెలో దాచుకున్నది. ఏకాంబరం "అయ్యో" అనేలోపే దాన్నుంచి ఒక పేలిక చించి, పొడుగాటి కర్ర చివర ముడి వేయకుండా తగిలించారు. ప్లగ్గు పెట్టారు.

"మిషను దూరంగా పట్టుకుని మీట నొక్కు."

ఏకాంబరం నొక్కాడు. స్వామి పేలికను బిట్టుకు చేరువగా తెచ్చారు. రెప్ప వేసేలోగా మిషను దాన్ని కర్ర మీంచి లాక్కుని, మెలిపెట్టి, ముద్దగా చుట్టేసుకుంది.

మిషను ఆగింది. ఏకాంబరం చెయ్యి దానంతటదే మెడ మీదికి పోయింది.

"మరి... నా ఒట్టు, స్వామీ?"

స్వామి తామే ఆ మాల తీసి తమ మెడలో వేసుకున్నారు. ప్లగ్గు తీసి, బిట్టుకు చుట్టుకున్న పేలికను విప్పి పారేశారు. అంత పెద్దాయన కళ్లలోనూ సరదా తొంగిచూసింది.

"మెడ మిగిలితే మాల మళ్లీ వేస్తాను. ఊఁ, కానివ్వు! తలుపులో ఎలా దిగుతుందో నాకూ చూడాలనుంది."